లోపలి కుట్లు

మనిషి గుమ్మంలోకి అడుగు పెట్టగానే నడుమెంతో, భుజమెంతో చెప్పేస్తాను నేను. టేపు తీసేది వాళ్ళ తృప్తి కోసం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని మరి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళని వాళ్ళ మొగుళ్ళకంటే ముందు నేనే కనిపెట్టి, నోరు జారి తిట్లు తిన్న సందర్భాలు కూడా ఉన్నాయి. అలాంటిదాన్ని, ఆ ఎండాకాలం నా కూతురు నా కళ్ళముందే కరిగిపోతుంటే ఏం చేశానో తెలుసా? దాని చొక్కాల పక్క కుట్లు బిగించాను.

బళ్ళు తెరవడానికి ముందు రెండు నెలలూ మాకు ఊపిరాడదు. ఆ ఏడు రెండు బడుల బట్టలు ఒప్పుకున్నాను. ఇంటి ముందు గదే నా కొట్టు. రెండు మిషన్లు, కత్తిరింపు బల్ల, ఒక పొడుగాటి బెంచీ, నేల మీద కాలు పెట్టే చోటు లేకుండా గుడ్డ. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. మా అత్తగారు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరి లెక్కా చూస్తుంటారు. మా అమ్మాయిని ఇంట్లో అందరం అమ్మలు అంటాం. డిగ్రీ రెండో ఏడు, లెక్కలు. బడి పిల్లలకి సెలవులైనా దానికి లేవు, పరీక్షలు వానలు పడ్డాకే.

మొదటిసారి కుట్టు బిగించింది మా ఆడపడుచు వస్తోందని తెలిసినప్పుడు. ఆవిడ చూపు ముందు ఎక్స్‌రే కూడా చాలదు. "ఏం వదినా, పిల్లకి తిండి పెట్టడం మానేశావా?" అని గుమ్మంలోనే అడిగే రకం. అమ్మలు ఒంటి మీద ఆకుపచ్చ చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. తను స్నానానికి వెళ్ళినప్పుడు ఆ చొక్కా తిరగేసి, అటో కుట్టూ ఇటో కుట్టూ వేసేశాను. ఆడపడుచు వచ్చింది, రెండు రోజులుంది, ఏమీ అనకుండా వెళ్ళింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత ఇంకోసారి, మళ్ళీ మరోసారి. అడుగుదామనుకోకపోలేదు. "ఏమే, ఒంట్లో బాగుంటోందా?" అంటే "బాగానే ఉందమ్మా" అనేది. చేతిలో వంద చొక్కాల పని ఉన్నవాళ్ళకి ఆ జవాబు చాలు. పైగా మా అత్తగారు ఉండనే ఉన్నారు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉండాలి," అంటారు ఆవిడ ప్రతిదానికీ. నేనూ ఆ మాట నమ్మిన మనిషినే.

ఒక మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి ఇంటికొస్తూ వెంట ఒక మనిషిని తీసుకొచ్చారు. వాళ్ళ డిపోలోనే కండక్టరు, మందపాటి కళ్ళజోడు. బెంచీ అంచున ఆనీ ఆననట్టు కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"అన్నా, వదినగారి ముందే చెబుదామని ఇంటిదాకా వచ్చాను. ఏమీ అనుకోవద్దు," అన్నాడు. "మీ అమ్మాయి రోజూ పొద్దున నా బండి ఎక్కుతోంది. కాలేజీ దగ్గర దిగట్లేదు. ఆఖరి స్టాపు దాకా వచ్చి, మళ్ళీ అదే బండిలో వెనక్కొస్తోంది. అలా సాయంత్రం దాకా."

మా ఆయన నవ్వారు. "మా అమ్మాయి అయ్యుండదులే."

"తనే చెప్పిందన్నా. దిగమంటే, 'నేను ఫలానా డ్రైవరుగారి అమ్మాయిని, కాసేపు కూర్చోనివ్వండి' అంది. నెలన్నర అవుతోంది. ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంటుంది, పేజీ తిప్పదు. చాడీ చెప్పినట్టవుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నిన్న ఏడ్చింది. శబ్దం లేకుండా, మూడు ట్రిప్పులు. నాకూ పిల్లలున్నారు."

అతను వెళ్ళాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నేను మిషన్ ముందు కూర్చున్నాను గానీ ఏ ముక్క ఎక్కడ కలపాలో తెలియలేదు.

అమ్మలు రోజూలాగే నాలుగున్నరకి వచ్చింది. చెప్పులు విప్పి, సంచీలోంచి అన్నం డబ్బా తీసింది.

"ఇవాళ క్లాసులో ఏం చెప్పారు?" అన్నారు మా ఆయన.

అది ఏదో పాఠం పేరు చెప్పింది. తడుముకోకుండా చెప్పింది. ఆ తడుముకోకపోవడమే ఆయనకి మండింది. ఇరవయ్యేళ్ళలో మా ఆయన అంత గొంతు ఎత్తడం నేను వినలేదు. అబద్ధాలన్నారు, పరువన్నారు, ఎండలో బండి తోలేది ఎవరికోసం అన్నారు. మా అత్తగారు కుర్చీలోంచి లేచి వీధి తలుపు మూసి, "మెల్లగా రా, పక్కవాళ్ళు వింటారు," అన్నారు. అమ్మలు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. "సారీ నాన్నా," అని చెప్పి, డబ్బా కడగడానికి పంపు దగ్గరికి వెళ్ళింది.

నేను వెనకే వెళ్ళాను. డబ్బాలో పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. దాన్ని అలా చేత్తో పట్టుకునే అంది, "అమ్మా, నేను లేకపోతే నీకు కాస్త తీరిక దొరుకుతుంది కదా."

"ఏం మాటలే అవి! నోర్ముయ్," అన్నాను. భయపడ్డప్పుడు నాకు ముందు కోపం వస్తుంది. అది నిజంగానే నోరు మూసుకుంది.

మర్నాడు దాన్ని మా అత్తగారి దగ్గర కూర్చోబెట్టి కాలేజీకి వెళ్ళాను. విద్యార్థుల మనసు బాగోగులు చూసే గది ఒకటుందని చేరేటప్పుడు గొప్పగా చెప్పారు. గది ఉంది. తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే లోపల జవాబు పత్రాల కట్టలు, కాలు విరిగిన కుర్చీలు. ఆఫీసు గుమాస్తా మంచివాడే, లేచి వచ్చాడు. "ఆ మేడం మానేసి అయిదు నెలలైందమ్మా. కొత్తావిడని ఇంకా వెయ్యలేదు. ఇలాంటివాటికి ఫోన్లో మాట్లాడేవాళ్ళ నంబరేదో తలుపు మీద ఉంటుంది, చూడండి," అన్నాడు. తలుపు మీద అతికించిన కాగితం సగం చిరిగింది. నంబరు మాత్రం మిగిలింది. నా దగ్గర పెన్ను లేదు. సంచీలో గుడ్డ మీద గీసే సుద్దముక్క ఉంటే, దాంతో సంచీ మీదే రాసుకున్నాను.

ఇంటికొచ్చాను. అమ్మలు లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మా అత్తగారు గుమ్మం పక్కన ఉన్నారు. ఆవిడ చెవిన పడకుండా ఉండాలని, సూది కింద గుడ్డ లేకుండానే మిషన్ తొక్కుతూ ఫోన్ చేశాను. రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు. మూడోసారికి ఒకావిడ ఎత్తింది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"కుట్టు మిషనండీ."

"కాసేపు ఆపగలరా?"

"ఆపితే మా అత్తగారు వింటారండీ."

ఆవిడ నవ్వలేదు. "సరే, నడపండి. చెప్పండి," అంది.

బస్సు సంగతి చెప్పాను. పంపు దగ్గర మాట చెప్పాను. చొక్కాల సంగతి మాత్రం చెప్పలేదు.

"లేకపోతే అంటే ఏంటని అడిగారా?"

"లేదండీ. నోర్ముయ్యమన్నాను."

"అడగాలండీ. చచ్చిపోవాలనిపిస్తోందా అని, ఆ మాటతోనే. డొంకతిరుగుడు వద్దు."

నా కాలు ఆగిపోయింది. గుమ్మం దగ్గర మా అత్తగారు ఇటు తిరిగి చూశారు. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. "అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా అమ్మా?"

"కాదండీ. చాలామంది ఆ భయంతోనే అడగరు. ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు అడిగితే భారం దిగుతుంది. లేదంటే మంచిదే. అవునంటే మాత్రం ఒంటరిగా వదలకండి, ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ నీరసం, తలనొప్పి అని చెప్పకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. దారిలో ఏదైనా అయితే మళ్ళీ ఈ నంబరుకే చెయ్యండి."

అమ్మలుని లేపి గుండీలు కుట్టడానికి పిలిచాను. ఊరికే కూర్చోబెట్టి అడిగే ధైర్యం నాకు లేదు. చేతిలో పని లేకపోతే నాకు నోరు పెగలదు. మా అత్తగారిని పక్కవీధిలో కాజాలు కుట్టేవాళ్ళ దగ్గరికి చొక్కాల మూటతో పంపించాను. బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. చొక్కాకి ఆరు గుండీలు. మొదటి చొక్కా అయ్యేసరికి నోరు తెరిచి, "ఆకలేస్తోందా?" అన్నాను. లేదంది. రెండో చొక్కాకి, "ఫ్యాను పెంచనా?" అన్నాను. వద్దంది. మూడో చొక్కాలో నాలుగో గుండీ దగ్గర, తలెత్తకుండా, "అమ్మలూ, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అన్నాను.

అది ముడి వేసి, దారం పళ్ళతో కొరికి, చొక్కా మడత పెట్టింది.

"అవునమ్మా," అంది.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నాకు అరవాలనిపించింది. అరవలేదు. సూది గుచ్చి పక్కన పెట్టి, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"చాలా రోజులైంది. నువ్వు అడుగుతావేమోనని చూశాను. అన్నీ కనిపెడతావు కదా నువ్వు. తర్వాత చూడటం మానేశాను."

ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపుతుంది. అప్పుడు మాత్రం లేచి, దానికి చెప్పులిచ్చి, డిపోకి ఫోన్ చేసి మా ఆయనకి కబురు పెట్టమని చెప్పి, తలుపుకి తాళం వేసి, చెవి పక్కింట్లో ఇచ్చాను. దారంతా దాని మణికట్టు వదల్లేదు. "దొంగని పట్టుకెళ్తున్నట్టున్నావమ్మా," అంది బస్సులో. ఆ రోజు అది వేసిన ఒకే ఒక్క జోకు.

ఆసుపత్రి రెండో అంతస్తులో చీటీలు రాసే కిటికీ ముందు వరస గుమ్మం దాటి మెట్ల దాకా ఉంది. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. కిటికీ లోపలి మనిషి తలెత్తకుండా, "పేరు, వయసు, ఏం ఇబ్బంది?" అన్నాడు.

వెనక్కి చూశాను. మా వెనక ఇద్దరి తర్వాత, కిందటి వారం తన పిల్లలిద్దరికీ నా దగ్గర కొలతలిప్పించిన తల్లి నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది కూడా.

"నీరసం," అన్నాను. ఫోన్లో ఆవిడ వద్దన్న మాటే నా నోట్లోంచి వచ్చింది.

"ఇరవై మూడు రోజుల తర్వాత రండి. నెక్స్ట్."

చీటీ నా చేతిలో పెట్టాడు. వెనకవాళ్ళు ముందుకు తోశారు. రెండడుగులు పక్కకి వేశాను. అమ్మలు నా మొహంలోకి చూడటం లేదు, మెట్ల వైపు చూస్తోంది. ఇంటికెళ్ళిపోదామన్నట్టుంది ఆ చూపు. ఇరవై మూడు రోజులు! ఆ మూడు వారాలు దాని మణికట్టు పట్టుకుని కూర్చోగలనా? తోసుకుంటూ మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"నీరసం కాదు బాబూ, అబద్ధం చెప్పాను. నా కూతురికి చచ్చిపోవాలనిపిస్తోందట. ఇవాళే చూడాలి. చూసేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

నా గొంతు మామూలుగానే పెద్దది. వరసంతా ఇటు తిరిగింది. అతను అప్పుడు తలెత్తాడు. నా చేతిలో చీటీ వెనక్కి తీసుకుని, లోపలికి ఫోన్ చేసి, "అమ్మా, మూడో గదికి వెళ్ళండి. వాళ్ళు పిలిచేదాకా కూర్చోవద్దు, నేరుగా వెళ్ళండి," అన్నాడు. ఆ పిల్లల తల్లి ఏం మొహం పెట్టిందో నేను చూడలేదు.

మూడో గదిలో డాక్టరమ్మ అమ్మలుతో ఒంటరిగా అరగంట మాట్లాడి, తర్వాత నన్ను పిలిచారు. అప్పుడే మా ఆయన డ్యూటీ బట్టలతోనే రొప్పుతూ వచ్చారు. బండి వేరేవాళ్ళకి అప్పజెప్పి వచ్చారట. తండ్రిని చూడగానే అమ్మలు ముడుచుకుపోయింది.

"మీ అమ్మాయిని కొన్నాళ్ళు ఇక్కడ ఉంచితే మంచిదనుకుంటున్నాను," అన్నారు డాక్టరమ్మ.

"పరీక్షల భయమండీ, అంతే," అన్నారు మా ఆయన. "ఇంటికి తీసుకెళ్తాం. ఇక్కడ ఫైలు రాయకండి. మా డిపోలో ఒకతను ఇలాగే మనసు డాక్టరు దగ్గరికి వెళ్తే స్టీరింగ్ లాక్కుని, టైర్లకి గాలి కొట్టే పనిలో వేశారు. పిల్లకి ముందు ముందు ఉద్యోగం రావాలి. అవునా అమ్మలూ, పరీక్షల భయమేనా?"

అమ్మలు నన్ను చూసింది, నేల చూసింది. "అవును నాన్నా. ఈమధ్యే, కొంచెం," అంది.

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని నావైపు తిరిగారు. "మీకేమనిపిస్తోంది? ఎప్పట్నుంచి తిండి తగ్గింది?"

మా ఆయన కూడా నావైపే చూస్తున్నారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. పరీక్షల భయం అని నేనూ అంటే ముగ్గురం ఇంటికి పోతాం. గుట్టు గుట్టుగానే ఉంటుంది. నేను లేచి అమ్మలు దగ్గరికి వెళ్ళాను.

"ఏమీ అనుకోకే," అని, దాని ఆకుపచ్చ చొక్కా పక్క అంచు పట్టుకుని లోపలి వైపు తిప్పాను.

"చూడండి డాక్టరమ్మా. ఇది చొక్కాకి మొదట వేసిన కుట్టు. దీనికి అంగుళం లోపల తెల్ల దారం ఉంది కదా, నేను నర్సుల కోట్లు కుడుతున్నప్పుడు వేసింది. అప్పటికింకా ఎండలు ముదరలేదు. దారం మార్చే తీరిక లేక మిషన్లో ఏదుంటే దాంతోనే వేసేశాను. ఇదిగో నీలం. మొదటి బడి చొక్కాలు మొదలుపెట్టిన వారం. ఇది మెరూన్, రెండో బడిది. పదకొండు రోజులైంది. మూడుసార్లు బిగించాను. ఎవరూ చూడకూడదని. ఇది ఈమధ్య కాదు. నాకు తెలుసు."

డాక్టరమ్మ ముందుకి వంగి వేలితో ఆ కుట్లు ఒక్కొక్కటీ తాకి చూశారు. ఏదో రాసుకున్నారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మా ఆయన. గొంతులో కోపం లేదు.

"నాకు నేనే చెప్పుకోలేదండీ," అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అమ్మలు చెయ్యి నా వీపు మీద పడింది. నన్ను ఓదార్చాల్సిన పని దానికి లేదు గానీ, ఆ చెయ్యి తియ్యమని చెప్పలేకపోయాను.

మా ఆయన చాలాసేపు ఆ చొక్కా అంచునే చూశారు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకుని, "ఫైలు రాసుకోండమ్మా," అన్నారు. "రాత్రికి ఒకళ్ళు దగ్గరుండొచ్చా? నేనెక్కడ కూర్చోవాలి?"

పద్నాలుగు రోజులు ఉంచుకున్నారు. తర్వాత వారానికి రెండుసార్లు వెళ్ళి మాట్లాడి రావడం, మందులు. మందులకి మొదట్లో నిద్ర ఎక్కువైంది, చేతులు వణికాయి, ఇదేం వైద్యమని నేను గొడవపడ్డాను, మోతాదు మార్చారు. ఆ ఏడు పరీక్షలు రాయలేదు. శనివారాలు ఇంట్లోవాళ్ళకి కూడా ఒక కూటం పెట్టేవారు. మాలాంటి తల్లిదండ్రులు ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుంటారు. మా ఆయన మొదటి రెండు వారాలు స్టాపులో బండి ఆపుకుని కూర్చున్నట్టు ఊరికే కూర్చున్నారు. మూడో వారం మాట్లాడారు. మా అత్తగారు ఒక్కసారే వచ్చి, ఇంటి సంగతులు బయట చెప్పకూడదని ముందుగా ఒక ఉపన్యాసమిచ్చి, ఆ తర్వాత పెళ్ళైన కొత్తలో తను ఏడాదిపాటు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయిన సంగతి గంటసేపు చెప్పారు. కొడుక్కి కూడా ఆ కథ తెలియదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నాకొక పని చెప్పారు. రోజుకొకసారి అడగాలి, అదే మాటతో. నాలుగింటికి అడిగేదాన్ని. మొదట్లో చేతిలో ఏదో ఒక పని ఉంటే గానీ ఆ మాట వచ్చేది కాదు. తర్వాత తర్వాత మందు వేసుకున్నావా అన్నంత మామూలుగా వచ్చేది. ఒక్కోరోజు లేదనేది, ఒక్కోరోజు కొంచెం అనేది. కొంచెం అన్న రోజు పనాపి నడకకి వెళ్ళేవాళ్ళం.

అలా ఉండగా ఒకరోజు, బళ్ళు తెరవడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. రెండో బడివి అరవై చొక్కాలు బాకీ. నేను ఆసుపత్రిలో ఉన్న రోజుల పనంతా నెత్తి మీదకొచ్చింది. పొద్దున్నుంచి మిషన్ మీంచి లేవలేదు. ఎవరొచ్చి ఏం చెప్పినా ఊఁ కొట్టడమే. గుమ్మంలో ఆ బడి నుంచి వచ్చిన మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా," అంది అమ్మలు, మిషన్ పక్కకి వచ్చి.

"ఆఁ. ఆ కాలర్లు ఇటివ్వు."

ఇచ్చింది. వెళ్ళలేదు.

"ఇవాళ నువ్వు అడగలేదు."

గడియారం చూశాను. అయిదుంబావు. కాలు పెడల్ మీంచి తీసేశాను.

"మర్చిపోయానే. ఇప్పుడు అడగనా?"

"అడుగు."

గుమ్మంలో మనిషి ఉన్నాడు. మా అత్తగారున్నారు. అయినా అడిగాను. "ఇవాళ చచ్చిపోవాలనిపించిందా?"

"మధ్యాహ్నం నుంచి అనిపిస్తోంది," అంది. "నువ్వు అడిగితే చెబుదామని కూర్చున్నాను. నాలుగైంది, నాలుగున్నరైంది. నువ్వు రాలేదు. అందుకే నేనే వచ్చాను."

"ఎన్నయ్యాయమ్మా?" అన్నాడు గుమ్మంలో మనిషి.

రేపు రమ్మని చెప్పి, బెంచీ మీద చొక్కాలన్నీ కిందికి తోసేసి, నా కూతురిని పక్కన కూర్చోబెట్టుకున్నాను.